కొట్టము నుండి కొలిమి వరకు

ఆశ్వయుజ బహుళ అమావాస్య రాత్రి తెలుగువారు వీధిగుమ్మమున దీపములు నిలిపి లక్ష్మిని ఆహ్వానింతురు. అదే రాత్రి సింగ్‌భూమి పల్లెలలో దీపము పశువుల కొట్టమునకు పోవును. ఉత్తరదేశపు మాసగణనములో అది కార్తిక అమావాస్య. కుడ్మీ మహతోలు బాంధనా అనియు, సంతాలులు సొహ్రాయి అనియు పిలుచు పండుగ ఆ తిథి పరిసరములలోనే వచ్చును. సంతాల్ పరగణాలలో మాత్రము సొహ్రాయిని వరికోతలు ముగిసిన పిమ్మట పుష్యమాసమున జరుపుదురు. తిథులు వేరైనను పండుగ ఒక్కటే. గోడలకు కొత్త మట్టిపూత, ముంగిలికి అలుకు, పశువుల కొమ్ములకు నూనె, పెండ్లియై వెళ్లిన ఆడబిడ్డకు పిలుపు - ఈ నాలుగింటిలో ఏది లోపించినను పండుగ జరిగినట్లు పెద్దలు ఒప్పుకొనరు.

ఈ పండుగను పల్లెలో మాత్రమే చూచి వచ్చినవారు దాని చరిత్రలో సగమే చూచినవారగుదురు. జంషెడ్‌పూర్ ఉక్కునగరమునకు తూర్పు దిక్కున, టెల్కో కాలనీ చేరువలో, బిర్సానగర్ అను పెద్దబస్తీ కలదు. వీధిపేర్లకంటె జోను నంబర్లతోనే అచటి ఇండ్ల జాడ చెప్పుట వాడుక. సింగ్‌భూమి పల్లెలనుండియు, చుట్టుపట్ల రాష్ట్రములనుండియు కర్మాగారములలో పనికి వచ్చి నిలిచినవారు అచట అనేకులు. వారిలో పశువుల కొట్టము ఉన్న ఇల్లు అరుదు. కొట్టములేని ఇంట కొట్టపు పండుగ ఏమగును? ఎద్దు స్థానమున యంత్రమును, పంట స్థానమున జీతమును వచ్చి కూర్చున్నప్పుడు మ్రొక్కు ఎవరికి చెల్లవలెను? గత నూరేండ్లుగా ఆ ఉక్కునగరము ఈ ప్రశ్నకు తన కార్మికుల నోటను, తన యజమానుల నోటను, కొన్నిమారులు న్యాయస్థానముల నోటను సమాధానము చెప్పుకొనుచు వచ్చినది.

ముందుగా కొట్టము సంగతి. బాంధనా పుట్టుకను గూర్చి అచటి పల్లెలలో ఒక కథ చెప్పుకొందురు. మహాదేవుడు పశువులను మానవునకు సాయముగ భూమికి పంపెను. మానవుడు వానిచే దున్నించెను, మోయించెను, పాలు పిండుకొనెను. మేత మాత్రము సరిగా వేయలేదు, కొరడా మాత్రము సరిగా వేసెను. పశువులు పోయి మహాదేవునితో మొర పెట్టుకొనెను. ఆయన వెంటనే శపింపలేదు. అమావాస్య రాత్రి తానే వచ్చి కొట్టములు పరిశీలింతుననియు, మొర నిజమని తేలినచో పశువులను మరల తీసికొని పోదుననియు చెప్పెను. ఆ వార్త మానవుల చెవిని పడినది. వారు రాత్రికి రాత్రి కొట్టములు ఊడ్చి, దీపములు పెట్టి, పశువులను కడిగి, కడుపునిండ మేత వేసిరి. దేవుడు వచ్చి చూచెను. అంతయు సవ్యముగ కనిపించినది.

ఈ కథలో మానవునకు గొప్ప పాత్ర లేదు. అతడు దొరికిపోవు భయమున శుభ్రపడినవాడు. పండుగలకు చెప్పుకొను కథలలో సాధారణముగ మానవుడు భక్తుడో, వీరుడో అయి ఉండును. ఇచట తనిఖీకి భయపడిన యజమాని. అందుచేతనే ఇది విలువైన కథ. కృతజ్ఞత మనసులో ఊరు మధురభావమని ఇది నమ్మదు. చెమట ఒకరిది, ఫలము మరొకరిది అయినప్పుడు ఆ రెండింటి నడుమ ఒక ఖాతా పుట్టును. ఏడాదికి ఒక్కమారైనను దానిని విప్పి చూపవలెను. ఆ రాత్రి యువకులు ధమ్సా, మాదల్ వాయించుచు ఇంటింటికి తిరిగి, అహీరా పాటలతో పశువులను మేల్కొలుపుదురు. ఏడాదిపాటు మానవుని పిలుపుతో లేచి పనికి పోయిన పశువు ఆ ఒక్క రాత్రి పాటతో లేచును. ఇంటివారును ఆ రాత్రి మేలుకొనియే ఉందురు. లెక్క చూపునప్పుడు సాక్షులు నిద్రపోరాదు గదా!

సంతాలుల సొహ్రాయిని గూర్చి లిఖితరూపమున నిలిచిన పాత వర్ణనలలో ముఖ్యమైనది వారి పెద్ద ఒకడు చెప్పినదే. కొలియాన్ అను వృద్ధ గురువు తమ జాతి ఆచారములను వరుసగ చెప్పుచుండగా, నార్వే దేశపు మిషనరీ స్క్రెఫ్స్‌రుడ్ 1871లో వానిని సంతాలీ భాషలోనే వ్రాసికొనెను. అది 1887లో గ్రంథముగ వెలువడెను. వంగదేశపు పండితులు పల్లెపాటలను సేకరింపవలెనని తలపోయుచున్న ఆ కాలముననే అక్షరము రాని సంతాల్ గురువు ఒకడు తన జాతి ధర్మశాస్త్రమును తానే చెప్పి వ్రాయించెనన్న మాట భారతీయ వాఙ్మయ చరిత్రలో తగినంత స్థానము పొందలేదు. ఆ జాతివారు తమ పండుగలలో సొహ్రాయిని ఏనుగుతో పోల్చుదురు. మిగిలిన పండుగలెన్ని ఉన్నను అంత పెద్దది మరొకటి లేదని భావము.

పండుగ మొదటి దినమునకు ఉమ్ అని పేరు, అనగా స్నానము. ఆనాడు ఊరివెలుపల బయలులో పూజారియగు నాయకే కోళ్లను బలియిచ్చి దేవతలను పిలుచును. పూజ జరిగిన తావున ఒక గ్రుడ్డును ఉంచి, ఊరి పశువులనన్నిటిని ఆ దారిని తోలుదురు. ఏ పశువు ఆ గ్రుడ్డును వాసన చూచునో, లేక త్రొక్కునో, దాని కొమ్ములకు నూనెయు సిందూరమును అలదుదురు. దాని యజమానికి అది భాగ్యము. ఊరిలో నూరు పశువులున్నవాని ఎద్దే త్రొక్కవలెనన్న నియమమేదియు లేదు. ఒక్క బక్క ఆవు తప్ప మరేమియు లేని విధవరాలి పశువునకును ఆ గౌరవము దక్కవచ్చును. రెండవనాడు గృహదేవతలకు, పితరులకు పూజ. అది జరుగు చోటు పశువుల కొట్టమే. పితరులను పశువుల నడుమ కూర్చుండబెట్టి ఆరాధించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పొలము దున్ని ఇచ్చిన తాతయు, ఆ తాతతో కలిసి నడచిన ఎద్దును ఒకే పంక్తికి చెందినవారని ఆ ఏర్పాటు చెప్పక చెప్పుచున్నది. మూడవనాడు బలిసిన ఎద్దులను గుంజలకు కట్టి, ఎదుట చర్మమొకటి ఆడించుచు, డప్పుల మ్రోతతో రెచ్చగొట్టుదురు. కుడ్మీల గొరు ఖూంటా కూడ ఇట్టిదే. ఆ ఎద్దు కొమ్ములు విసరును, కాళ్లతో మట్టి ఎగజిమ్మును. జనము కేరింతలు కొట్టును. పశువును పూజించిన మరునాడే దానిని వేధించుట ఏమని నేటివారు కొందరు అడుగుచున్నారు. పెద్దలు చెప్పు సమాధానము వేరు: అడవిలో పులి ఎదురైనప్పుడు తన్ను తాను కాపాడుకొనుటకు ఎద్దునకు అది శిక్షణమట. పులులు అరుదైపోయిన పిమ్మట ఈ సమాధానమునకు పూర్వపు బలము లేదని ఒప్పుకొనక తప్పదు. నాలుగవ దినమున యువతీయువకులు ఇంటింట ఆడి పాడుదురు.

ఈ దినములన్నిటను ఇంట ఒక వ్యక్తి ఉండి తీరవలెను. ఆమె పెండ్లియై వెళ్లిన ఆడబిడ్డ. పండుగకు ముందే సోదరుడు ఆమె అత్తవారింటికి పోయియో, మనిషిని పంపియో పిలుపు అందజేయును. పిలుపు రాని సోదరికి సొహ్రాయి దినములంత బరువైన దినములు ఏడాదిలో మరి ఉండవు. ఆమె వచ్చునప్పుడు బిడ్డలు వత్తురు, భర్త వచ్చును; కొత్త బట్టలు, హండియా అను బియ్యపు కల్లు, పిండివంటలు సిద్ధముగ ఉండును. తెలుగు పాఠకునకు ఇది తన ఇంటి సంక్రాంతివలెనే కనబడును. అల్లుడు వచ్చును, ఆడబిడ్డకు చీర పెట్టుదురు, మూడవనాడు కనుమ; ఎడ్ల కొమ్ములకు రంగులు, మెడలకు గంటలు. కనుమనాడు కాకైనా కదలదని సామెత. కాకియే కదలనప్పుడు పుట్టింటికి వచ్చిన కూతురు ఏల కదలును?

పోలిక ఇంతవరకు సులభము. దీని అడుగున ఉన్నది అంత సులభమైనది కాదు. సింగ్‌భూమి గిరిజన సంప్రదాయములో భూమి పురుష సంతతిది. కూతురు పెండ్లియై పోయినతోడనే పుట్టింటి పొలముతో ఆమెకు సంబంధము తెగును. ఏ పొలములో ఆమె బాల్యమున నాట్లు వేసెనో, ఏ పశువులను కాచెనో, ఆ పొలపు పంటకు, ఆ పశువుల పండుగకు ఆమె అతిథి. సొహ్రాయి పిలుపును, పెట్టుబడి చీరను ఈ వెలుగులో చూచినప్పుడు వాని అర్థము మారును. అది ప్రేమ, సందేహము లేదు. దానితోపాటు పంచియీయని భాగమునకు ఏటేట చెల్లించు వడ్డీ కూడ. తెలుగుదేశమున పసుపుకుంకుమల పేర ఆడబిడ్డకు ఇచ్చుదానిలోను ఈ రెండు పాళ్లును కలిసియే యుండెను.

ఈ లెక్కను న్యాయస్థానము ఎదుట విప్పినవారును ఉండిరి. సింగ్‌భూమి హో స్త్రీల వారసత్వ హక్కును గూర్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పెను. 1908 నాటి ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టములో పురుష సంతతికి భూమిని పరిమితము చేయు నిబంధనలను కొట్టివేయుటకు న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు అంగీకరింపలేదు. అయినను చనిపోయిన భూస్వామిపై ఆధారపడిన స్త్రీలు జీవనము గడచుటకు ఆ భూమినే నమ్ముకొని ఉన్నంతకాలము వారిని దానినుండి తొలగింపరాదని చెప్పిరి. ఆంధ్రప్రదేశములో 1985 సెప్టెంబరు 5 నుండి హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగ జన్మహక్కు లభించెను; దేశమంతటికి అట్టి హక్కు 2005లో వచ్చెను. కాని హిందూ వారసత్వ చట్టము కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగ ప్రకటించిననే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. హక్కు ఉన్నచోట పిలుపు ఆగిపోవునా, పిలుపు ఉన్నచోట హక్కు అక్కరలేకపోవునా అను వాదము రెండు ప్రాంతముల ఇండ్లలోను వినబడును. చీరను తీసికొనుచు పొలమడిగిన ఆడబిడ్డ పండుగను చెరచినదని అనువారు, పొలమును దాచి చీర పెట్టిన సోదరుడు పండుగను ఏమి చేసినట్లో చెప్పరు.

ఇట్టి పల్లెల నడుమ ఉక్కు కర్మాగారము వచ్చెను. 1907లో టాటా కంపెనీ స్థాపితమయ్యెను. సువర్ణరేఖ, ఖర్‌కాయీ నదుల సంగమమునకు దగ్గరనున్న సాక్చీ అను పల్లెను కర్మాగారమునకు ఎన్నుకొనిరి. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మ వెలువడెను. మొదటి యూరపు యుద్ధమున ఆ ఉక్కు చేసిన సాయమునకు కృతజ్ఞతగ వైస్రాయి చెమ్స్‌ఫర్డు 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టెను. కాలీమాటీ రైలుస్టేషను టాటానగరమయ్యెను. జంషెడ్జీ టాటా అప్పటికి బ్రతికి లేడు. 1904లోనే ఆయన కన్నుమూసెను. ఆ నగరమును ఆయన కండ్లతో చూడనే లేదు.

కర్మాగారము పల్లె కాలమును మార్చివేసినది. పల్లెలో పండుగకు ఎద్దును కాడినుండి విప్పిన చాలును. కొలిమిని అట్లు విప్పుటకు వీలులేదు. ఉక్కుకు ముడియినుము ఇచ్చు బ్లాస్టు ఫర్నేసును ఒకమారు రగిల్చినచో ఏండ్ల తరబడి చల్లారనీయరాదు. దాని కడుపులో కరగిన ఇనుము గడ్డకట్టినచో మరల బ్రతికించుట మహాకష్టము. దీపావళి వచ్చినను, ఈదు వచ్చినను, మకరసంక్రాంతి వచ్చినను మూడు షిఫ్టులును నడువవలసినదే. అందుచేత ఉక్కునగరపు ప్రతి పండుగ పంక్తిలోను ఒక విస్తరి ఆలస్యముగ పడును, లేక మూత పెట్టబడి ఉండును. బిర్సానగర్ వంటి బస్తీలలో పండుగ కలయిక అనగా ఎవరెవరు వచ్చిరన్నది ఎంత ముఖ్యమో, ఎవరు బి షిఫ్టులో ఉండిరన్నదియు అంత ముఖ్యము.

కావున ఈ నగరములో కుటుంబపు కలయిక చరిత్ర చాలవరకు సెలవు చరిత్రయే. 1912లో అచట ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చెను. చట్టము ఆ నియమమును దేశమంతటి కర్మాగారములకు విధించినది 1948లో. 1920లో జీతముతో కూడిన సెలవు వచ్చెను. ఆ సంవత్సరమే ఆ కర్మాగారమున పెద్ద సమ్మె జరిగి, కార్మికసంఘము పుట్టెను. ఆ సంఘమునకు తరువాతి కాలమున దీనబంధు ఆండ్రూస్, సుభాష్ చంద్ర బోస్ అధ్యక్షులైరి. 1934లో లాభములలో వంతుగ బోనసు, 1937లో పదవి విరమించువారికి గ్రాట్యుటీ ఏర్పడెను. ఈ తేదీలను యజమానుల ఔదార్యమునకు సాక్ష్యముగ చూపువారు కలరు. సమ్మెల ఫలితముగ చూపువారును కలరు. రెండు పక్షములును పూర్తిగా తప్పు కావు. అయినను మహాదేవుని తనిఖీ కథ తెలిసిన పల్లెవానికి ఈ వివాదము కొత్తది కాదు. కొట్టము శుభ్రపడినది యజమాని మంచివాడగుట చేతనా, పశువులు మొర పెట్టుకొనుట చేతనా అని అతడు చిరునవ్వుతో అడుగగలడు.

గ్రాట్యుటీ అను మాటనే చూడుడు. లాటిను భాషలో దాని మూలమునకు కృతజ్ఞతతోను, సంతోషముతో ఇచ్చు కానుకతోను చుట్టరికము. ఏండ్ల తరబడి సేవచేసినవానికి యజమాని తన ఇష్టముకొలది ఇచ్చు బహుమానము అని ఆ మాట తొలి అర్థము. 1972 చట్టముతో అది ఇష్టముకొలది ఇచ్చునది కాక, నిర్ణీత సేవ పూర్తిచేసిన కార్మికుడు అడిగి పుచ్చుకొనదగిన హక్కు అయ్యెను. పేరు మాత్రము కృతజ్ఞతదే మిగిలినది. బోనసు కూడ 1965లో చట్టమునకెక్కినది. ఏటేట శరన్నవరాత్రములకు ముందు సంఘమునకును కంపెనీకిని నడుమ బోనసు ఒప్పందము కుదురును. ఆ సొమ్ము వచ్చినతోడనే బిష్టుపూర్, సాక్చీ అంగళ్లలో చీరలు, పిల్లల చొక్కాలు అమ్ముడుపోవును. సొహ్రాయికి సోదరికి పెట్టవలసిన చీర ఈ దారినే పల్లెకు చేరును. కొలిమి ఋణము, కొట్టపు ఋణము ఒకే మూటలో కట్టబడి టాటానగర్ స్టేషనులో రైలెక్కును.

ఎద్దు స్థానమున యంత్రము వచ్చినదని పైన చెప్పబడినది. సెప్టెంబరు 17 ప్రాంతమున కన్యాసంక్రమణమునకు విశ్వకర్మ పూజ జరుగును. ఆనాడు లేతు యంత్రములకు, సుత్తెలకు, లారీలకు, ఆటోరిక్షాలకు పసుపు, సిందూరము, పూలమాలలు. ఉక్కునగరమున దీనికున్నంత వైభవము తెలుగుదేశపు ఆయుధపూజకు లేదు. ఆ ఒక్కనాడు కార్మికుల భార్యలు, బిడ్డలు తమవారు పనిచేయు తావులను చూచుటకు అనేక కార్ఖానాల తలుపులు తెరువబడును. తండ్రి రోజంతయు ఏ యంత్రముతో కుస్తీ పట్టునో బిడ్డ చూచును. ధాతువును దేవతగా చూచుట మూఢత్వమని నవ్వుట తేలికే. ఏడాది పొడవున వేలును తినివేయక విడిచిపెట్టిన యంత్రమునకు ఒక దండ వేయుటలో మూఢత్వమెంతో, పనివాని ముందుచూపు ఎంతో విడదీసి చెప్పుట అంత తేలిక కాదు.

ఈ నగరమునకు ఉత్తరాంధ్రనుండి తెలుగువారును పనికి పోయిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలవారికి బెంగాల్ నాగపూర్ రైలుమార్గము ఆ దారి చూపినది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరము వారి కూడలి. సంక్రాంతినాడు వారు తమ పండుగను అచట పొరుగువారి పండుగతో పాటు చేసికొందురు, ఏలయన ఆనాడే టుసు పరబ్. టుసును గూర్చి తెలిసినకొలది తెలుగువానికి ఆశ్చర్యము పెరుగును. ధనుస్సంక్రమణమునాడు మొదలుపెట్టి నెలదినములు పెండ్లికాని కన్నెలు ఒక మట్టిమూకుడులో వరిపొట్టు పోసి, దానిపై ఆవుపేడ ఉండలు, పూలు పెట్టి, సాయంకాలములందు చుట్టును కూర్చుండి పాటలు పాడుదురు. పొట్టునకు అచటి మాట తుష్. దానినుండియే టుసు అను పేరు వచ్చెనని పలువురి అభిప్రాయము. ధనుర్మాసమున తెలుగు ముంగిళ్లలో గొబ్బెమ్మలు నిలుపునది కూడ కన్నెపిల్లలే, పేడతోనే, పూలతోనే, పాటలతోనే. మకరసంక్రాంతి నాడు రంగుకాగితములతో కట్టిన చౌడల్‌లను ఎత్తుకొని స్త్రీలు నదికి పోయి టుసును నీట విడుతురు. సువర్ణరేఖ, ఖర్‌కాయీ కలియు దోముహానీ రేవున ఆనాడు పెద్ద తిరునాళ్లు. వంటయింటిలోను ఇదే చుట్టరికము. కొత్తబియ్యపు పిండి, బెల్లపు పాకము, నూనె - తెలుగువారు చేసినచో అరిసె, ఝార్ఖండ్ పల్లెలో అర్సా, ఉత్కళములో అరిసా. క్వార్టర్లలోని తెలుగు గృహిణి పొరుగింటికి పంపిన పళ్లెము తిరిగి వచ్చునప్పుడు అదే వంటకముతో, ఇంచుమించు అదే పేరుతో వచ్చును. కనుమనాడు పూజించుటకు ఎద్దు లేదన్న కొరత మాత్రము ఆమెకును, బిర్సానగర్‌లోని ఆమె పొరుగు మహతో స్త్రీకిని సమానమే.

టుసు మరునాడు మాఘము మొదటి తేది. దానిని ఆఖాన్ జాత్రా అందురు. కుడ్మీలకు వ్యవసాయ వర్షము ఆనాడు ఆరంభమగును. రైతు పొలమున రెండున్నర చుట్లు దున్ని వచ్చును. పాత కాలమున పాలేళ్ల ఏడాది ఒప్పందములు తీరునదియు, కొత్తవి కుదురునదియు ఆ దినముననే. పండుగ ముగిసిన తెల్లవారి లెక్క చూచుట ఆ సీమకు అంత సహజమైనది.

నగరము తన వ్యవస్థాపకునకు చెల్లించు మ్రొక్కు మార్చి 3. అది జంషెడ్జీ జన్మదినము. స్వర్ణోత్సవ సందర్భమున నగరవాసులకు కంపెనీ కానుకగ ఇచ్చిన జూబిలీ పార్కును 1958లో ప్రధాని నెహ్రూ ప్రారంభించెను. మైసూరు బృందావన ఉద్యానపు పోలికలతో అది నిర్మింపబడినది. ఏటేట మార్చి 3 రాత్రి దీపాలంకరణము చూచుటకు కుటుంబములు కుటుంబములే అచటికి తరలివచ్చును. 1989లో ఆయన 150వ జన్మదినోత్సవమున అతిథులు కూర్చున్న పందిరికి నిప్పంటుకొని 60 మంది మరణించిరి. 113 మంది గాయపడిరి. మృతులలో స్త్రీలు, పిల్లలు అధికము. కృతజ్ఞత తెలుపుటకు కుటుంబములతో కూడివచ్చిన దినమది. ఎన్నో ఇండ్లలో పురుషుడు మిగిలెను, భార్యాబిడ్డలు మిగులలేదు.

నష్టపరిహారపు వ్యాజ్యము పండ్రెండేండ్ల పిమ్మట, 2001లో సుప్రీంకోర్టులో తేలినది. అందు ఒక చిక్కు ప్రశ్న. ఉద్యోగము చేయని గృహిణి మరణించినచో ఆ ఇంటికి వాటిల్లిన నష్టము ఎంత? 34 నుండి 59 ఏండ్ల నడుమ వయసు గృహిణుల సేవకు అంతకు పూర్వము కట్టిన విలువ ఏడాదికి 12,000 రూపాయలు. అది మిక్కిలి తక్కువ అని న్యాయస్థానము చెప్పి, ఎంత మితముగ లెక్కించినను నెలకు 3,000 రూపాయలు, ఏడాదికి 36,000 అని నిర్ణయించెను. దేశములో గృహిణి శ్రమకు విలువ కట్టవలసిన తరువాతి వ్యాజ్యములలో ఈ తీర్పును న్యాయవాదులు మరల మరల ఉదాహరించిరి. తల్లి చేతి వంటకు, రాత్రి మేలుకొనుటకు రూపాయలలో వెల కట్టుట అపచారమని బాధపడినవారు ఉండవచ్చును. వెల కట్టనంతకాలము ఆ శ్రమకు పన్నెండు వేలే వెలగ చెల్లినదన్నది వారు మరువరాదు. ఎద్దునకు ఒక దినము, యంత్రమునకు ఒక దినము, సంస్థాపకునకు ఒక దినము కేటాయించిన ఆ సీమలో, ఆ దినములన్నిటను వండి వడ్డించిన స్త్రీ ఖాతా తెరచుటకు ఒక అగ్నిప్రమాదము, పండ్రెండేండ్ల వ్యాజ్యము కావలసివచ్చెను.

బిర్సానగర్ పేరులోను ఒక ఋణమున్నది. 1875లో ఉలిహాతులో పుట్టిన బిర్సా ముండా, తన జాతివారి భూమికొరకు ఉల్‌గులాన్ అను మహా తిరుగుబాటును నడపెను. అది 1899లో క్రిస్మసు ముందురాత్రి రాంచీ, సింగ్‌భూమి ప్రాంతములలో బాణములతో ఆరంభమయ్యెను. 1900 జూన్ 9న ఆయన రాంచీ జైలులో మరణించెను. అప్పటికి ఇరువదియైదేండ్లు నిండలేదు. గిరిజనుల భూమి అన్యాక్రాంతము కాకుండ ఆపుటకు ఉద్దేశింపబడిన 1908 నాటి కౌలుదారీ చట్టము ఆ తిరుగుబాటు వెనుక వచ్చినదే. ఆయన జన్మదినమగు నవంబరు 15న, 2000 సంవత్సరమున, ఝార్ఖండ్ రాష్ట్రము ఏర్పడెను. భూమికొరకు ప్రాణమిచ్చినవాని పేరు పెట్టుకొన్న బస్తీలో నివసించువారు తమ ఇంటి జాగాపై మాలికానా హక్కు కొరకు దశాబ్దములుగ అడుగుచు వచ్చిరి. జంషెడ్‌పూర్‌లోని 86 బస్తీల సమస్యగ అది ఎన్నికలలోను, శాసనసభలోను పలుమారులు వినబడినది. పండుగకు తమ్ముని పల్లెకు పోవు ఆడబిడ్డకు అచట పొలములో భాగము లేదు. తిరిగి వచ్చు బస్తీలో ఇంటికి పట్టా లేదు. ఆమె పండుగ ఈ రెండింటి నడుమ ప్రయాణము.

అయినను ఆమె పోవును. బాంధనా నాటి ఉదయమున పుట్టింటి స్త్రీలతో కలిసి, నానబెట్టి నూరిన బియ్యపు పిండితో వీధివాకిలి మొదలు కొట్టము గడప వరకు చౌక్ పురిగి ముగ్గు దారి తీర్చును. ఆ ముగ్గులో ఆమె చేయి పడని చోటును వదినలు గుర్తించి పిలిచి చూపుదురు. సాయంకాలము పశువులు దానిమీదుగనే నడచి కొట్టము చేరును. పండుగ తీరిన మరునాడు జంషెడ్‌పూర్ వైపు వచ్చు బస్సులు క్రిక్కిరిసి ఉండును. ఒళ్లలో కొత్తబియ్యపు మూటలు, అర్సాల డబ్బాలు, నిద్రపోవు పిల్లలు. బస్తీ మలుపున దిగిన స్త్రీ మొదట ఆ డబ్బా విప్పి, రాత్రి షిఫ్టు దిగి వచ్చి పండుగకు రాలేకపోయిన భర్తకు నాలుగు అర్సాలు తీసి పెట్టును.